జపాన్‌వాళ్ళకి కోపం రాదట!

పోయిన నెల గుంటూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. నేను జపాన్‌లో పదకొండేళ్ళు ఉద్యోగం చేసి వచ్చానని ఎవరో చెబితే విని, భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దాయన "వాళ్ళకి అసలు కోపమే రాదట కదండీ?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే ఆయన పక్కాయన అందుకున్నాడు. "కోపం సంగతలా ఉంచండి, తిట్టడానికి వాళ్ళ భాషలో మాటే లేదట!" ఎదురు బంతిలోంచి మూడో ఆయన బూట్ల ఫ్యాక్టరీ కథ మొదలుపెట్టాడు. మీరూ వినే ఉంటారు. జపాన్‌లో కార్మికులు సమ్మె చేస్తే పని మానరట, ఒక కాలి బూట్లు మాత్రమే కుట్టి పెడతారట, సమ్మె తీరాక రెండో కాలివి కుట్టేస్తారట. "మనవాళ్ళూ ఉన్నారు, ఎందుకూ!" అని ముక్తాయింపు.

నేను "అబ్బే, అలాగేం కాదండీ" అని నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకు నా మీద నాకే ఇప్పటికీ చిరాగ్గా ఉంది. ఆ రోజు విస్తరి ముందు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

జపాన్‌వాళ్ళకి కోపం రాదనడం పొగడ్త కాదు, చెవిటితనం. వాళ్ళు విసుక్కుంటూనే ఉంటారు, మనకి వినపడదంతే. వినపడకపోవడానికి కారణం వాళ్ళ సంస్కృతి కాదు, మనం ఆ భాష నేర్చుకున్న తీరు. ఈ చెవిటితనం వల్ల నష్టపోతున్నది జపాన్‌వాళ్ళు కూడా కాదు. అక్కడికి పనికి పోతున్న మన పిల్లలు.

*

ముందు మాటల్లేవన్న మాట చూద్దాం. 1953 ఫిబ్రవరి 28న జపాన్ పార్లమెంటు బడ్జెట్ కమిటీలో ఒక సోషలిస్టు సభ్యుడి ప్రశ్నలకి విసిగిపోయిన ప్రధాని యొషిద షిగెరు 'బకయరో' అని గొణిగాడు. వెధవ అనుకోండి. ఆ గొణుగుడు కాస్తా మైకుకి అందింది. మాట వెనక్కి తీసుకున్నా ఫలితం లేకపోయింది. అవిశ్వాస తీర్మానం నెగ్గింది, మార్చి 14న సభ రద్దయింది, దేశం ఎన్నికలకి పోయింది. చరిత్ర పుస్తకాల్లో దాని పేరే 'బకయరో రద్దు'. తిట్టుమాటే లేదంటున్న భాషలో ఒక్క తిట్టుకి దిగువసభ రద్దయిందన్నమాట.

బూట్ల ఫ్యాక్టరీ కథకి ఊరూ ఉండదు, పేరూ ఉండదు, సంవత్సరమూ ఉండదు. ఊరూ పేరూ సంవత్సరమూ ఉన్న కథ ఒకటి చెబుతాను. అప్పట్లో జపాన్ జాతీయ రైల్వే ఉద్యోగులకి చట్టప్రకారం సమ్మె హక్కు లేదు. అందుకని వాళ్ళొక ఉపాయం పన్నారు. భద్రతా నిబంధనలు ఎలా రాసి ఉన్నాయో అక్షరాలా అలాగే పాటించడం. పాటిస్తే రైళ్ళు నడవవు, నడిచినా నత్తనడకే. 1973 మార్చి 13 పొద్దున సైతామా జిల్లా అగెయో స్టేషన్లో ఆఫీసులకి పోవాల్సిన వేలమంది ప్లాట్‌ఫారమ్మీద ఇరుక్కుపోయారు. కాసేపు ఓర్చుకున్నారు. తరవాత రైలు అద్దాలు పగలగొట్టారు, స్టేషన్ ధ్వంసం చేశారు. మరుసటి నెల 24న టోక్యో చుట్టుపక్కల చాలా స్టేషన్లలో అదే జరిగింది. వరసలో నిలబడతారని మనం వాట్సాప్‌లో దణ్ణాలు పెడుతున్నది వీళ్ళకే, వీళ్ళ పిల్లలకే.

సాహిత్యం సంగతి కొస్తే, నత్సుమె సొసెకి 1906లో రాసిన 'బొచ్చన్' నవల ఆసాంతం ఒక కోపిష్టి కుర్రాడి విసుగు. టోక్యో నుంచి షికొకు దీవికి పంతులుగా పోయి, తోటి పంతుళ్ళందరికీ వెక్కిరింపు పేర్లు పెట్టి, చివరికి ఒకడి మొహాన కోడిగుడ్లు పగలగొట్టి వచ్చేస్తాడు. ఆ దేశంలో బడిపిల్లలు కూడా ఇష్టంగా చదివే పుస్తకం అది. 1987 నుంచి ఒక బీమా కంపెనీ ఏటా జీతగాళ్ళ 'సెన్ర్యూ' పోటీ పెడుతోంది. పదిహేడు అక్షరమాత్రల పద్యంలో పైఅధికారి మీద, పెళ్ళాం మీద, జీతం మీద, తన బట్టతల మీద చిరాకంతా కక్కెయ్యడమే అందులో పని. ఒసాకా 'మన్‌జయి' హాస్యంలో ఉండేది ఇద్దరు మనుషులు. ఒకడు తిక్కగా మాట్లాడతాడు, రెండోవాడు విసుక్కుంటాడు. విసుక్కునేవాడు లేకపోతే ఆట లేదు. 'మో ఏ వ', అంటే 'ఇక చాల్లే', అని వాడు అన్నాకే చాలాసార్లు ప్రదర్శన ముగుస్తుంది.

*

ఇన్ని ఉండగా మనకెందుకు వినపడదు? మనం కోపాన్ని నిఘంటువులో వెతుకుతాం. ఇంగ్లీషు ద్వారా జపనీస్ నేర్చుకున్నాం కనక, ఇంగ్లీషులో నాలుగక్షరాల తిట్టు ఎక్కడుంటుందో అక్కడే వెతుకుతాం. జపనీస్‌లో చిరాకు సగం క్రియ తోకలో ఉంటుంది. చిత్రమేమిటంటే, తెలుగులోనూ అంతే.

'యగరు' అని ఒక తోక ఉంది. ఏ క్రియకైనా తగిలించొచ్చు. 'కిత' అంటే వచ్చాడు. 'కియగత్త' అంటే? ఇంగ్లీషు పుస్తకాలు దీనికి అరపేజీ వివరణ ఇచ్చి, ఇది మొరటు ప్రయోగం, వాడకండి అని హెచ్చరించి వదిలేస్తాయి. తెలుగువాడికి రెండు ముక్కలు చాలు: 'వచ్చి చచ్చాడు'. 'నని షితెయగరు' అంటే 'ఏం చేసి ఏడుస్తున్నావ్'. మనకి చచ్చు, ఏడ్చు, తగలడు అని మూడు సహాయక క్రియలున్నాయి. చెప్పి చావు, తిని తగలడు, ఎక్కడ ఏడ్చాడో, బస్సు వచ్చి చావదు, అర్థమై చావదు. ఇందులో బూతు ఒక్కటీ లేదు. చావూ లేదు, ఏడుపూ లేదు. ఉన్నది చిరాకు, అదీ వ్యాకరణంలో. జపనీస్‌కీ మనకీ ఉన్న ఈ పోలిక నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. ఒసాకాలో టాక్సీ డ్రైవర్ ముందున్న లారీని తిడుతుంటే విని నాకు నేనే కనిపెట్టుకున్నాను.

కర్మణి ప్రయోగం చూడండి. 'అమె ని ఫురరెత' అంటే మక్కికి మక్కి 'వానచేత కురవబడ్డాను'. తెలుగులో అంటే నవ్వుతారు. కానీ 'సమయానికి వానొచ్చి చచ్చింది' అంటాం కదా, అదే ఇది. 'పిల్లాడిచేత ఏడవబడ్డాను' అంటే 'వాడు ఏడ్చి నా ప్రాణం తీశాడు' అని. వాళ్ళ వ్యాకరణవేత్తలే దీన్ని 'మేవకు' కర్మణి అంటారు. మేవకు అంటే ఇబ్బంది, పీడ. మా క్లాసులో 'రైల్లో కాలు తొక్కబడ్డాను' అన్న వాక్యాన్ని నలభైసార్లు వల్లె వేయించారు. విభక్తి సరిగ్గా పడిందా లేదా అని చూశారు. అది చెప్పేవాడికి ఒళ్ళు మండుతోందని ఒక్కరూ చెప్పలేదు.

'నోని' ఉంది. 'ఫోన్ చేస్తానన్నాడు నోని...' అని వాక్యం గాల్లో వదిలేస్తారు. మనం 'చేస్తానన్నాడు, మరి...' అని మూతి ముడిచినట్టే. 'కుసెని' ఉంది. 'షిరనయి కుసెని' అంటే మన 'తెలిసి చావదు గానీ'. ఉపకారార్థంలో వచ్చే 'కురెరు'ని వెటకారానికి వాడతారు, 'యొకుమొ దమషితె కురెత న' అని. 'బాగానే మోసం చేసిపెట్టావ్!' మన 'పెట్టు' కూడా అంతేగా. అన్నం వండిపెట్టినా 'పెట్టే', కొంప ముంచిపెట్టినా 'పెట్టే'.

ఇక ఒంటి సంగతి. చిరాకుకి వాళ్ళ మామూలు మాట 'ఇరఇర'. 'ఇర' అంటే ముల్లు. మనకి చిటపట, రుసరుస, చిర్రుబుర్రు ఉన్నట్టే వాళ్ళకి ముకముక, పున్‌పున్, కన్‌కన్. 'ముకముక' వాంతి వచ్చేటట్టున్నా అంటారు, ఒకడి మొహం చూసి ఒళ్ళు మండినా అంటారు. కోపం వచ్చిందనడానికి 'హర గ తత్సు', కడుపు లేచి నిలబడింది, అంటారు. మనకి కడుపు మండుతుంది, వాళ్ళకి లేస్తుంది. ఓర్పు ఒక సంచిలో ఉంటుందట. దాని తాడు తెగిందంటే ఇక అంతే. బుద్ధుడి మొహమైనా మూడుసార్లేనని సామెత, మూడోసారికి ఆయనక్కూడా కోపం వస్తుందని. కోపమే రాని జాతికి ఇంత సరంజామా ఎందుకండీ?

*

క్రియ తోకలో దొరకని కోపం మర్యాదలో దొరుకుతుంది. దీనికి నేనే ఉదాహరణ.

కవసకిలో నా మొదటి ఏడు. ఇండియా టీముకీ జపాన్ క్లయింటుకీ మధ్య 'బ్రిడ్జ్ ఎస్‌ఈ' ఉద్యోగం. క్లయింటు సెక్షన్ హెడ్ మొదట్లో నాకు ఒక లైను మెయిళ్ళు పంపేవాడు. 'ఇది సరిచెయ్యి' అని ఊరికే. నెల తిరిగేసరికి మెయిళ్ళు పొడుగయ్యాయి. ఎంతో పని ఒత్తిడిలో ఉన్న తమరిని ఇబ్బంది పెడుతున్నందుకు క్షంతవ్యుణ్ణి, వీలున్నప్పుడు ఒక్కసారి పరిశీలించే అనుగ్రహం లభిస్తుందేమో అన్న ధోరణి. నేను మా ఆవిడకి ఫోన్ చేసి చెప్పాను, "ఇక్కడ నాకు గౌరవం పెరిగింది" అని. మూడు నెలల తరవాత నన్ను ఆ ప్రాజెక్టు నుంచి తీసేశారు. ఆఫీసులో ఒక పెద్దాయన, మనిషి మంచివాడు, రెండు గ్లాసుల బీరయ్యాక అన్నాడు: "ఆయన జూన్ నుంచీ మండిపోతున్నాడు. మీకు తెలీదా?"

నాకు తెలీలేదు. తెలుగులో అయితే అరక్షణంలో తెలిసేది. మా ఆవిడ 'భోంచేస్తారా' అంటే అన్నం తింటాను. 'తమరు భోంచేస్తారా' అంటే నేను చేసిన తప్పేమిటా అని వెతుక్కుంటాను. తమ్ముడు 'చెప్పండి సార్' అంటే డబ్బు విషయంలో ఏదో తేడా వచ్చిందని అర్థం. ఘనుడు, మహానుభావుడు, మహాతల్లి, పెద్దమనిషి... వీటిని మనం ఎన్నిసార్లు పొగడ్తగా వాడతాం? జపనీస్‌లో 'కిసమ' అనే మాట ఒకప్పుడు ఉత్తరాల్లో గౌరవంగా రాసే 'తమరు'. ఇప్పుడది కొట్లాటకి ముందు వచ్చే 'ఒరేయ్'. 'ఒమయె' కూడా అంతే, ఒకనాడు పెద్దలకి వాడినదే. గౌరవం తిట్టుగా మారే దారి రెండు భాషల్లోనూ ఉంది. ఆ దారిలో నడిచి పెరిగినవాణ్ణి, అయినా అక్కడ పడ్డాను. ఎందుకంటే నాకు మర్యాద రూపాలు నేర్పారు గానీ, మర్యాద దూరానికి కొలబద్ద అని నేర్పలేదు. దగ్గరవాడు హఠాత్తుగా దూరం జరిగాడంటే దాన్ని గౌరవం అనరు.

*

ఇంతవరకూ చెప్పింది మనకి వినపడని కోపం గురించి. అంతకంటే ముఖ్యమైంది మనం నోరు తెరిచి చెప్పలేని కోపం.

2019లో జపాన్ 'తొకుతెయి గినో' అనే కొత్త వీసా పెట్టింది. వృద్ధుల సంరక్షణ, నిర్మాణం, వ్యవసాయం లాంటి మనుషులు దొరకని పనులకి విదేశీయుల్ని తీసుకోడానికి. 2021లో దానిమీద భారత్‌తో ఒప్పందం కుదిరింది. తెనాలి దగ్గర నర్సింగ్ చదివిన ఒకమ్మాయి ఆ దారిలో చిబాలో ఒక వృద్ధాశ్రమానికి వచ్చింది. తెలిసినవాళ్ళ ద్వారా నా నంబరు దొరికి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. ఒక రాత్రి పదకొండింటికి చేసి, "అన్నయ్యా, 'ఇంక నావల్ల కాదు' అనడం ఎలా?" అని అడిగింది. వారానికి నాలుగు రాత్రి షిఫ్టులు వేస్తున్నారట. తనతో వచ్చినవాళ్ళకి రెండే. అడిగినప్పుడల్లా తన నోట్లోంచి 'దయిజొబు దెస్', పరవాలేదండీ, అనే వస్తోందట. "వేరే మాట రాదన్నయ్యా. క్లాసులో ఇదే నేర్పారు."

నిజమే. ఇక్కడి శిక్షణ క్లాసుల్లో మనవాళ్ళకి నేర్పే జపనీస్‌లో సుమిమసెన్ ఉంది, గంబరిమస్ ఉంది, అలాగేనండీ ఉంది, క్షమించండి పదకొండు రకాలుగా ఉంది. 'ఇది అన్యాయం' లేదు. అంటే భాషలో ఒక కుర్చీ మాత్రమే చూపించి, ఇదే గది అంటున్నారు. క్షమాపణ చెప్పేవాడి కుర్చీ. ఎదుటి కుర్చీలో కూర్చున్నవాడికి 'ఒమయె' అనే హక్కుంది, నిట్టూర్చే హక్కుంది, నాలుక చప్పరించే హక్కుంది. ఏ భాషలోనైనా కోపం పల్లానికే పారుతుంది. జపాన్‌లోనూ అంతే. దుకాణాల్లో గుమాస్తాల మీద విరుచుకుపడే కస్టమర్ల బాధ పడలేక, టోక్యో ప్రభుత్వం 2025 ఏప్రిల్ 1 నుంచి దాన్ని నిషేధిస్తూ ఒక ఆర్డినెన్స్ అమల్లో పెట్టింది. జరిమానా లేదు గానీ, నిషేధం ఉంది. కోపమే లేని దేశానికి ఈ నిషేధం ఎందుకు? అక్కడ కోపం ఉంది, దాన్ని చూపించే హక్కు మాత్రం అందరికీ సమానంగా లేదు.

'గమన్' అని ఇంకో మాట. ఓర్పు. జపాన్ గురించి రాసే ప్రతివాడూ ఈ మాటకి హారతి పడతాడు. ఇది బౌద్ధం నుంచి వచ్చింది, అసలర్థం 'నేను' అనే అహంకారం. వందల ఏళ్ళలో అర్థం తిరగబడి ఓర్పు అయింది. 'గుచి' కూడా బౌద్ధపు మాటే. రాగద్వేష మోహాల్లోని మోహానికి చీనా భాషలో పెట్టిన పేరు. ఇప్పుడు దానర్థం సణుగుడు. అహంకారం ఓర్పుగా మారి సుగుణమైంది, మోహం సణుగుడుగా మారి దుర్గుణమైంది. ఎవరికి లాభమైన పంపకం ఇది? తోటివాడికంటే రెండు రాత్రులు ఎక్కువ చేస్తున్న పిల్లకి మాత్రం కాదు.

"అయితే మన పిల్లలకి తిట్లు నేర్పాలంటారా? యగరు అంటే ఉద్యోగం ఊడదా?" అని మీరడగొచ్చు. ఊడుతుంది. యగరు, కిసమ, బకయరో వాడమని నేను అనడం లేదు, గుర్తుపట్టమంటున్నాను. వాడ్డానికి వేరే ఉన్నాయి. 'కొమరిమస్' అని ఒక చిన్న మాట ఉంది. మక్కికి మక్కి 'ఇబ్బందిపడతాను'. వినడానికి దీనంగా ఉంటుంది. కానీ సరైన చోట, నవ్వకుండా, తల వంచకుండా అంటే అది గోడ. మన 'ఇలాగైతే కష్టమండీ' లాంటిది. బేరంలోనో సంబంధం మాట్లాడేటప్పుడో ఎవరైనా 'కష్టమండీ' అంటే మనం అక్కడితో ఆగిపోతామా లేదా? 'నత్తొకు దెకిమసెన్', నాకు ఒప్పుదలగా లేదు, అనేది ఇంకొకటి. రెండూ మర్యాదైనవే. రెంటికీ వ్యాకరణం మొదటి నెల్లోనే సరిపోతుంది. నేర్పకపోవడానికి కష్టం కారణం కాదు. ఎదురుచెప్పే మనిషిని పంపితే మళ్ళీ పిలవరేమోనని మనవైపు భయం. ఆ భయం ఏజెంట్లకి ఉంటే అర్థముంది. భాష నేర్పే పంతుళ్ళకి ఉండకూడదు.

ఆ రాత్రి ఫోన్లో ఆ అమ్మాయిచేత 'కొరె ఇజొ వ కొమరిమస్', ఇంతకు మించితే కష్టమండీ, అని ఇరవైసార్లు అనిపించాను. ప్రతిసారీ చివర్లో చిన్న నవ్వు నవ్వేది. "నవ్వకమ్మా, నవ్వితే అది దయిజొబు అయిపోతుంది" అన్నాను. మాటల్లో మాటగా చెప్పింది, ఆశ్రమంలో తనకి ఎక్కువ ఇష్టమైన మనిషి ఒక తొంభై ఏళ్ళ ముసలమ్మ అని. మతిమరుపు. పొద్దున లేపగానే 'ఉరుసయి, బక!', నోర్ముయ్యవే మొద్దూ, అని తిడుతుందట. "అందరిలో ఆవిడొక్కతే అన్నయ్యా, మనసులో ఏముందో నాకు తెలిసేలా మాట్లాడేది."

పది రోజుల తరవాత మళ్ళీ ఫోన్ వచ్చింది.

"అనేశానన్నయ్యా."

"ఏమన్నారు?"

"కాసేపు ఏమీ అనలేదు. తరవాత షిఫ్టుల కాగితం మళ్ళీ బయటికి తీశారు. నాలుగులో ఒకటి తగ్గించారు."

"రెండోది?"

"మళ్ళీ అడుగుతాను. ఈసారి నవ్వు రాదులెండి."